వెదురు కాదు తాతా, పువ్వుపిల్ల

నాకున్న భయాలన్నిటిలో పెద్దది ఇది: మా ఇంటి మనిషి ఒకరు శిరుయి కొండ మీదికి వెళ్లి, మబ్బు కమ్మి, దారి తప్పి, ఇక తిరిగి రాకపోవడం. మిగతావి చిన్నవి. చంటివాడి రొమ్ములో పిల్లికూతలు, మా ఆయన నడిపే సుమో బ్రేకులు, వానకి జారే పెరటి గట్టు, ఇవి రోజూ వచ్చి పలకరించి పోతాయి. ఆ పెద్దది మాత్రం పూలకాలంలో వచ్చి ఇంట్లో మకాం పెడుతుంది.

పోయిన పూలకాలంలో అది ఇంకాస్త పెరిగింది. నా కూతురు చోన్‌కి అప్పుడు ఆరేళ్లు. బడికి సెలవులివ్వగానే రోజూ వాళ్ల తాతతో కొండెక్కడం మొదలుపెట్టింది. చంటివాడిని వీపున కట్టుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడి మరీ వద్దన్నాను.

"దాన్నెందుకు మామయ్యా? కాళ్లకి అడ్డం పడుతుంది."

"పడనీ. నాకు మాట్లాడ్డానికో మనిషి కావాలి" అన్నారు మా మామగారు హుంగ్యో, అన్నం మూట నడుముకి కట్టుకుంటూ. "నీ మొగుడు సుమోతో తప్ప మాట్లాడడు. నువ్వు నీ భయంతో తప్ప మాట్లాడవు. ఇంట్లో ఇంకెవరున్నారు, ఇదొక్కతే."

"నేను తాత చెయ్యి వదలనమ్మా" అంది చోన్.

"వదిలావంటే చూడు."

"వదిలితే తాత పడిపోతాడుగా!"

మామయ్య దాని నెత్తి మీద ఒక మొట్టికాయ వేశారు. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆ మొట్టికాయ ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

ఆ కొండ మీద తప్ప ఇంకెక్కడా పూయని పువ్వొకటుంది, మామయ్య దానికి కాపలా మనిషి. కొండ భుజం మీద రేకుల షెడ్డు ఒకటుంది. నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందు నుంచీ దాని తాళం ఆయన దగ్గరే ఉంది. ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ వంతుల ప్రకారం ఒకరు వెళ్లి పొట్టి వెదురు పీకాలి. ఆ వెదురు నేలంతా అల్లుకుపోయి పువ్వుకి ఎండా గాలీ లేకుండా చేస్తుంది. కొడవలితో కోస్తే మళ్లీ లేస్తుంది. చేత్తో పట్టుకుని వేరుతో సహా లాగాలి. వంతు వాళ్లు వచ్చినా రాకపోయినా మామయ్య రోజూ లాగుతారు. చూడ్డానికి వచ్చిన వాళ్లు దారి దిగకుండా, పువ్వు తెంపకుండా చూసేది కూడా ఆయనే.

మా వైపు దాన్ని కషోంగ్ తిమ్రావోన్ అంటాం. బయటివాళ్లకి అది శిరుయి లిల్లీ. నేను పుట్టింది మిరపకాయలకు పేరుపడ్డ సిరారాఖోంగ్‌లో. ఎర్రగా, ఘాటుగా, దూరం నుంచే కంట్లో పడేవే నాకు తెలుసు. పెళ్లయిన ఏడు మామయ్య నన్ను కొండమీదికి తీసుకెళ్లి చూపించినప్పుడు, పైకి అనలేదు గానీ, 'ఇంతేనా' అనుకున్నాను. మోకాలెత్తు కాడ, సన్నటి ఆకులు, చివర తల వంచుకున్న ఒక పాలిపోయిన గంట.

"నిలబడి చూస్తే అది కనిపించదమ్మాయ్" అన్నారాయన. "దాని మొహం కిందికుంటుంది. నువ్వే దిగాలి."

తడి నేల మీద మోకాళ్లూని, చెంప దాదాపు మట్టికి ఆనించి పైకి చూశాను. తెలుపు అనుకున్నది తెలుపు కాదు. లోపలంతా లేత గులాబీ, పసిపిల్ల గోటి కింద ఉండే రంగు. రేకుల వెనక నుంచి ఊదారంగు నీడలా దిగుతోంది. మబ్బు వెలుతురు రేకుల్లోంచి వడకట్టుకుని నా మొహం మీద పడుతోంది. కేసరాల కొనలకి చుక్క చుక్క నీళ్లు. ఎంతసేపున్నానో తెలియదు. లేచేసరికి కొత్త కషన్ అంచంతా బురద. నా పెళ్లికని మా అమ్మ పోకముందే నేసి దాచిన, నడుముకి చుట్టుకునే బట్ట అది. దాని కోసం ఒక్క క్షణం కూడా బాధ కలగలేదు.

ఆ పువ్వు ఉండేదంతా కిందే. నేలలో వెల్లుల్లి పాయంత గడ్డ, రెబ్బలు రెబ్బలుగా. చలికాలం మంచు గడ్డకట్టి కొండంతా బోడిగా ఉన్నప్పుడు పైన దాని ఆనవాలే ఉండదు. గింజ పడి మొలిచినది పువ్వు పుయ్యడానికి ఏళ్లు పడతాయి. అందాకా రెండు మూడు సన్నటి ఆకులతో గడ్డిలో గడ్డిలా ఉంటుంది. వాటిని మేం పువ్వుపిల్లలంటాం. వాటిని గుర్తుపట్టడమే ఈ పనిలో కష్టం. పెద్దవాటిని ఎవరైనా కాపాడతారు. ఈ కొండ దించి ఎక్కడ పెట్టినా అది బతకదు. డబ్బాల్లో, కుండీల్లో, ఇదే మట్టి మోసుకెళ్లి మరీ ప్రయత్నించిన వాళ్లున్నారు. గడ్డ మెత్తబడి పోతుంది, అంతే. మా పాతవాళ్లు, ఇంకా చర్చి రాకముందు, ఈ కొండ ఫిలావా అనే దేవతదనీ ఆ పువ్వులు ఆవిడ బిడ్డలనీ అనేవారట. తల్లి కొంగు వదిలి రాని బిడ్డలంటే నాకు మొదటి నుంచీ ఇష్టం.

ఒకరోజు కొండ మొదట్లో ఉన్న మసోచోన్ పిన్ని టీ కొట్టుకి వెళ్లాను. వరసకి పిన్ని, మామయ్యకి మరదలు. ఆడవాళ్ల సంఘానికి పెద్ద. ఆవిడ నోటికి భయపడి కోళ్లు కూడా ఆ వాకిట్లోకి రావు.

"ఏమే, ఇవాళేం భయం తెచ్చావు?" అంది, నల్ల టీ గ్లాసు నా చేతిలో పెడుతూ. "నీ భయాల్ని బుట్టలో వేసి అమ్ముకుంటే ఇంఫాల్ బజారుకి సరిపోతాయి."

"చోన్ రోజూ పైకి వెళ్తోంది పిన్నీ. మబ్బు ఎప్పుడు దిగుతుందో ఎవరికి తెలుసు?"

"మా బావ ఉండగా దానికేం? ఆ కొండ మీద గడ్డిపరక కదిలినా ఆయనకి కనిపిస్తుంది." ఆవిడ గొంతు తగ్గించింది. "అయినా ఈసారి నువ్వు భయపడాల్సింది మబ్బుకి కాదు. పైన ఎవడో గడ్డలు తవ్వుతున్నాడు."

"గడ్డలా?"

"మన కుర్రాళ్లు చూశారు. పీకేసిన వెదురు కుప్పల్లో పువ్వుపిల్లలు, గడ్డలతో సహా ఎండిపోయి పడున్నాయట. పక్క ఊరి నుంచి వెదురు పీకడానికి వచ్చారే నలుగురు, వాళ్ల పనేనంటున్నారు. అమ్ముకోవడానికి తవ్వుతూ, మనుషులొస్తే కుప్పలో దాస్తున్నారట. ఆదివారం ఆరాధన అయ్యాక ఊరి పెద్ద ముందుకి పిలుస్తున్నారు."

ఇంటికి వచ్చి ఆ రాత్రి మామయ్యకి చెప్పాను. ఆయన టీ పోసుకుంటున్నారు. గ్లాసులోకి వేలు పెట్టి, వేలికి వేడి తగిలేదాకా పోసి ఆపారు. ఈ మధ్య అదో అలవాటైంది. వయసు కదా అనుకునేదాన్ని.

"ఆ కుర్రాళ్లు మంచివాళ్లు" అన్నారాయన.

"అయితే ఎవరు తవ్వారు?"

ఆయన గ్లాసు ఎత్తుకుని టీ ఊదుకున్నారు. చోన్ వాళ్ల తాత మొహంలోకి చూసి, నా మొహంలోకి చూసి, నిద్ర రాకపోయినా వెళ్లి పడుకుంది.

శనివారం పొద్దున తేటగా ఉంది. మధ్యాహ్నానికి కొండ పైభాగం కనిపించలేదు. ఇంకాసేపటికి నడుము కనిపించలేదు. మబ్బు మెట్లు దిగినట్టు ఊళ్లోకి దిగి వచ్చి మా పెరటి కంచె దగ్గర ఆగింది. సన్నగా వాన. పైకి వెళ్లిన వాళ్లు గుంపులు గుంపులుగా దిగి వస్తున్నారు. మా వాళ్లు రాలేదు.

చంటివాడిని తీసుకుని పిన్ని కొట్టుకి పరిగెత్తాను.

"వెళ్లవే, వెళ్లు" అంది ఆవిడ, నేను నోరు తెరవకముందే వాడిని లాక్కుని. "వీడిని నేను చూస్తాను. పాలకి ఏడిస్తే నా వేలు చీకిస్తా. అందులో ఏం లేదని వాడికి తెలిసేలోపు వచ్చెయ్."

దారిలో ప్లాస్టిక్ కోట్లు వేసుకున్న మొగుడూ పెళ్లాం ఎదురయ్యారు. పైన ముసలాయన, చిన్న పాప కనిపించారా అని అడిగాను.

"ఆయనే మమ్మల్ని దిగిపొమ్మన్నాడమ్మా, మబ్బు ముదురుతుందని" అన్నాడు మొగుడు. "ఏం చూపండీ ఆయనది! మా ఆవిడ చెయ్యి ఇంకా పువ్వు దాకా పోనే లేదు, అంత దూరం నుంచి 'ఎర్ర కోటు తల్లీ, చెయ్యి వెనక్కి' అన్నాడు."

"నేను తెంపబోలేదు, ముట్టుకుందామనుకున్నా" అంది ఆవిడ.

నాకు గర్వంగానే అనిపించింది. ఎక్కుతూ పోయాను. చెట్లు అయిపోయి గడ్డి మొదలయ్యే చోట మబ్బు నన్ను మింగేసింది. చెయ్యి చాపితే వేళ్లు కనిపించలేదు. కాలి కింద రాయిని బట్టి, ఎత్తును బట్టి వెళ్లాను. షెడ్డు గోడ నుదుటికి తగిలాకే షెడ్డని తెలిసింది. లోపల పొయ్యిలో బూడిద వెచ్చగా ఉంది. మనుషులు లేరు. గుమ్మం బయట కాలికి ఏదో తగిలి వంగి చూస్తే, మామయ్య రబ్బరు బూట్లు రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. వాటి పక్కన చోన్ చెప్పులు.

మనుషులు లేని కాళ్లలా ఆ జోళ్లు. పిలవబోయాను. అప్పుడు వినిపించింది, ఎడమ వైపు వాలు మీద నుంచి, బడిలో పంతులమ్మ మాట్లాడినట్టు నా కూతురి గొంతు.

"ఆగు తాతా. నీ కుడి చేతి కింద ఉన్నది వెదురు కాదు."

"సన్నగా ఉందే మరి."

"సన్నగా ఉన్నా సరే. వెదురు కాదు తాతా, పువ్వుపిల్ల. అంచు తడిమి చూడు, గరుకు లేదు."

"నీళ్లకి వేళ్లు మొద్దుబారాయే. నాకు గరుకూ నునుపూ ఒకటే."

"అయితే నోట్లో పెట్టుకుని వెచ్చబరుచుకో. నిన్న చెప్పానుగా."

"చెప్పావులే, పెద్ద మేస్త్రివి. నీ కళ్లు నాకిచ్చి నావి నువ్వు తీసుకో, అప్పుడు చెబుదువుగాని."

"నీవి నాకెందుకు? పని చెయ్యవుగా!"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు మబ్బులో నా దాకా వచ్చింది. నేను షెడ్డు గోడ పట్టుకుని నిలబడిపోయాను. మొట్టికాయ, గ్లాసులో వేలు, ఎర్ర కోటు తల్లి, అన్నీ ఒకేసారి తలలోకి వచ్చి పడ్డాయి.

"చోన్!"

నవ్వు ఆగింది.

"అమ్మ" అంది చోన్ మెల్లగా. "తాతా, అమ్మ."

"అక్కడే ఉండమ్మాయ్, కదలకు" అన్నారు మామయ్య. "నీ కాలి కిందకి ఏమొస్తాయో నీకు కనిపించదు. మేమే వస్తాం."

వచ్చారు. ముందు చోన్ మొహం తేలింది, వెనక ఆయన. ఇద్దరి పాదాలూ ఉత్తివే, బురదతో. చోన్ ఆయన చూపుడు వేలు పట్టుకుని ఉంది. ఒకసారి నొక్కింది. ఆయన ఆగారు. జనం వస్తే, ఎవరైనా చెయ్యి చాపితే, దారి దిగితే, దేనికెలా నొక్కాలో, చెవిలో ఏం చెప్పాలో వాళ్లిద్దరూ ముందే ఏర్పాటు చేసుకున్నారని తర్వాత తెలిసింది.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"పోయినేడు పూలు రాలాక మొదలైంది. కళ్ల ముందు గుడ్డ వేలాడదీసినట్టుంటుంది. పక్కల నుంచి కాస్త వెలుతురు తెలుస్తుంది."

"డాక్టరుకి..."

"పన్ను నొప్పని చెప్పి మీ ఆయన బండిలోనే ఇంఫాల్ వెళ్లొచ్చా. కంటి నరం ఎండిపోయిందన్నాడు. కోసినా రాదట."

"ఆ గడ్డలు?"

చోన్ అందుకుంది. "తాత తెలిసి పీకలేదమ్మా. నేను మొదటి రోజు కుప్పలో చూసి చెప్పా. తాత ఏడ్చాడు. బతికున్నవి మళ్లీ పాతేశాం. ఎండినవే మిగిలాయి."

"ఏడవలేదు. వాన" అన్నారు మామయ్య.

నాకు కోపం వచ్చింది. అంత కోపం నా జన్మలో ఎవరి మీదా రాలేదు. "కళ్లు కనిపించని మీరు నా బిడ్డని ఈ లోయ పక్కన తిప్పుతున్నారా? ఈ మబ్బులో? ఇది పడితే మీకు పడిన సంగతి కూడా తెలియదు కదా మామయ్యా!"

"తెలుస్తుంది" అన్నారు. "కానీ నువ్వన్నది నిజమే. ఇంటికెళ్లాక ఎంత తిట్టాలో అంతా తిట్టు. ముందు దిగుదాం. ఇంకాసేపటికి చలికి పిల్ల వణుకుతుంది."

"ఎలా దిగుతాం? నాకు నా చెయ్యే కనిపించడం లేదు!"

"నాకు రోజూ అంతే కదమ్మాయ్" అన్నారాయన. మాటలో ఎత్తిపొడుపు లేదు.

నా శాలువా విప్పి ఒక కొస ఆయన నడుముకి కట్టాను, మధ్యలో చోన్‌ని, రెండో కొస నా మణికట్టుకి. ఆయన బూట్లు తొడుక్కోలేదు. పాదం ముందుకి చాపి, వేళ్లతో నేలని పలకరించినట్టు తడిమి, అప్పుడు బరువు వేస్తున్నారు. "ఇక్కడ గడ్డి పొట్టిగా ఉంటుంది, దారి అంచు" అన్నారు. "ఇప్పుడు నీళ్ల చప్పుడు కుడి చెవికి వస్తుంది, చూడు" అన్నారు. నిజంగానే వచ్చింది. "ఇక్కడ గాలి మొహానికి కొడుతుంది. అంటే లోయ. కొండ వైపుకి ఆనుకో. చోన్, నువ్వు కూర్చుని జరుగు." నేను కూడా కూర్చునే జరిగాను. కళ్లు తెరిచి ఉంచినా మూసినా ఒకటే అయిన చోట, ఆ కొండ మీద దారి తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఒక చోట నేను ఆగిపోయాను. కాలు ఎత్తితే శూన్యంలో పెడతానేమో అనిపించింది. శాలువా బిగిసింది.

"ఏమైందమ్మాయ్?"

"భయం మామయ్యా."

"మంచిదే. భయం ఉన్నవాళ్లు మెల్లగా నడుస్తారు. నా బొటనవేలి కింద చల్లటి రాయి ఉంది, దాని పక్కన మెత్తటి మట్టి. ఆ మెత్తటిది తొక్కకు, అక్కడ ఒక పువ్వు ఉంది, పోయినేడు రెండు పూసింది. రాయి మీద కాలు పెట్టు."

లోయ అంచున నిలబడి కూడా పువ్వు గురించే చెబుతున్నారు. నాకు నవ్వొచ్చింది. రాయి మీద కాలు పెట్టాను. నా పాదానికి పక్కన, ఒక్క క్షణం మబ్బు పలచబడినప్పుడు, ఆ గంట కనిపించింది. వాన బరువుకి ఇంకాస్త వంగి, అయినా కాడ విరగకుండా. ఇంత చలిలో, ఇంత గాలిలో, ఎవరూ చూడని చోట అంత లేత రంగు ఎలా పట్టి ఉంచుతుందో! చంటిపిల్లల తల్లికి తప్ప ఇంకెవరికైనా ఆ ఓపిక ఉంటుందనుకోలేదు అప్పటిదాకా.

చెట్ల వరస తగిలాక మబ్బు పలచబడింది. పిన్ని కొట్టు దీపం కనిపించగానే చోన్ ముందుకి పరిగెత్తబోయి, శాలువా వెనక్కి లాగితే పడి లేచింది.

"వీడు నా వేలు అరగదీసేశాడే!" అని అరిచింది పిన్ని లోపలి నుంచి. "మీ మామకి ఏమైంది, అంత పెద్ద చూపు పెట్టుకుని ఇంత ఆలస్యం?"

నేను మామయ్య వైపు చూశాను. ఆయన తల దించుకున్నారు. నేను చెప్పలేదు. ఆ మాట ఆయన నోటి నుంచి రావాల్సింది.

మర్నాడు ఆరాధన అయ్యాక చర్చి ముందు అందరూ కూర్చున్నారు. పక్క ఊరి నలుగురు కుర్రాళ్లు ఒక పక్కన, తలలు వంచుకుని. ఊరి పెద్ద గొంతు సవరించుకున్నాడో లేదో, మామయ్య లేచారు.

"వాళ్లని ఇంటికి పంపండి. ఆ గడ్డలు పీకింది నేను."

నలుగురు కుర్రాళ్లూ తలలెత్తారు.

"నీకు మతి పోయిందా బావా?" అంది పిన్ని.

"మతి ఉంది. చూపే పోయింది."

చెప్పారు, అంతా. చోన్ సంగతి, పన్ను నొప్పి సంగతి కూడా. మా ఆయన రామ్‌థింగ్ నా పక్కన కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. తన బండిలోనే తీసుకెళ్లి తనకే తెలియలేదని.

మా ఊళ్లో గడ్డ తవ్వినవాడు ఊరికి పంది ఇవ్వాలి. ఊరంతా కలిసి వండుకు తినాలి, తవ్వినవాడే అందరికీ వడ్డించాలి. ఆ కట్టుబాటు పెట్టించింది మామయ్యే. ఊరి పెద్ద, "తెలియక జరిగింది కదా, హుంగ్యో..." అని నసిగాడు.

"తెలియక పీకినా ఎండిపోయింది ఎండిపోయిందే. మా పెరట్లో పంది ఉంది. మా కోడలు మేపింది, లావుగానే ఉంది."

క్రిస్మస్ కోసం మేపుతున్నాను దాన్ని. పిన్ని నా మొహం చూసి, "ఏడవకే, నీ వాటా నీకొస్తుందిలే" అంది.

సాయంత్రానికి ఎండు వెదురు చిగుళ్లతో, మా పుట్టింటి మిరపకాయలతో వండాం. మామయ్య మొదటి ముక్కలు పక్క ఊరి కుర్రాళ్లకే వడ్డించారు, గిన్నె అంచు చేత్తో వెతుక్కుంటూ. "ప్రతి ఏడూ ఇలా ఒకసారి మమ్మల్ని దొంగలనండి తాతా" అన్నాడు ఒకడు నోటినిండా. అప్పుడే అందరూ నవ్వగలిగారు.

తిన్నాక మాట వచ్చింది. షెడ్డు తాళం ఎవరికివ్వాలి? మామయ్య మొలలోంచి తాళంచెవి తీసి చేతిలో పట్టుకున్నారు. అప్పుడు నేను లేచాను. ఊరి సభలో నేను అంతకుముందు ఎప్పుడూ నోరు విప్పలేదు. తొమ్మిదో తరగతిలో ఆపేసిన చదువు నాది. మా అమ్మ పోయాక తమ్ముళ్లని చూసుకోవాల్సి వచ్చింది.

"వెదురు పీకే పని ఆయన చెయ్యకూడదు" అన్నాను. "నా కూతురు కూడా ఇక మబ్బు రోజున పైకి వెళ్లదు. కానీ తాళం ఆయన దగ్గరే ఉండాలి. నిన్న మబ్బులో మమ్మల్ని దించింది ఆయనే. మనలో ఎవరం దించలేం. ప్రతి ఏడూ పైన ఎవరో ఒకరు చిక్కుకుంటూనే ఉన్నారు కదా. తేటగా ఉన్న రోజున మీరు కాపలా కాయండి. మబ్బు దిగిన రోజున ఆయన కాస్తారు."

ఒక్కొక్కరూ ఏదో అన్నారు. ముసలివాడన్నారు, పడితే ఎవరిది బాధ్యత అన్నారు. పిన్ని చెంబు కింద పెట్టి, "చీకట్లో మీరందరూ గోడలకి గుద్దుకునే వాళ్లే, కూర్చోండి" అంది. అంతటితో తేలిపోయింది.

ఆ పూలకాలంలోనే ముగ్గుర్ని దించారు. ఈ ఏడు ఇప్పటికే ఒక కాలేజీ పిల్లల గుంపుని దించారట. దించేటప్పుడు ఒక్కో పువ్వు ఎక్కడుందో చెబుతూ దించుతారట. కిందికి వచ్చాక వాళ్లు ఏమీ చూడకుండానే అన్నీ చూశామంటున్నారని పిన్ని కబురు చేసింది.

కబురు ఎందుకంటే నేను ఊళ్లో లేను. చంటివాడి రొమ్ము జబ్బు ఈ చలికాలం మరీ ముదిరింది. ఇంఫాల్ ఆసుపత్రి పక్కన ఒక గది తీసుకుని ఉన్నాం, నేనూ చోనూ వాడూ. వాడు కోలుకుంటున్నాడు. డాక్టరమ్మ వర్షాలు తగ్గేదాకా కొండెక్కించొద్దంది. మా ఆయన బండి మీదే ఉంటాడు. ఇంట్లో తిట్టడానికి ఎవరూ లేరని మామయ్య ఈ ఏడు రాత్రుళ్లు కూడా షెడ్డులోనే పడుకుంటున్నారట. అది తెలిసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. మబ్బులో ఆయన అందర్నీ దించుతారు సరే, ఆయనకి జ్వరమొస్తే, కాలు బెణికితే, ఆయన్ని దించేది ఎవరు? ఒంట్లో బాగాలేదని నోరు తెరిచి చెప్పే మనిషి కాదు.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఈ మే నెలలో శిరుయి ఎక్కితే, దయచేసి ఆ రేకుల షెడ్డు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పువ్వు చూడ్డానికి తొందరపడకండి, అది ఎక్కడికీ పోదు. తలుపు తట్టి, హుంగ్యో తాతా అని పిలవండి. చెయ్యి పట్టుకుని చూడండి, వేడిగా ఉందేమో. భోజనం అయిందా అని అడగండి. అయిందంటే నమ్మకుండా ఏం తిన్నారో అడగండి. షెడ్డులో లేకపోతే వాలు మీదికి దిగకండి, దారి మీదే నిలబడి ఆయన పలికేదాకా పిలవండి. పలికాక, దిగేటప్పుడు మసోచోన్ పిన్ని కొట్టులో చెప్పి వెళ్లండి. ఎలా ఉన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి, నేను భయపడతానని ఏదీ దాచకండి.